సుజ్ఞానమ్మగారి తాళం: పాత కంప్యూటర్లకు కొత్త ఓఎస్‌లు వేసిన ఒక మెకానిక్ చెప్పుకునేది

ఎందుకు రాస్తున్నాను

పాత కంప్యూటర్‌కు కొత్త ఓఎస్ ఎక్కించడం ఎలాగో చూపించే వీడియోలు ఇప్పుడు కొల్లలుగా ఉన్నాయి. పెన్‌డ్రైవ్ గుచ్చండి, ఈ మీట నొక్కండి, నెక్స్ట్, నెక్స్ట్ అంటూ సాగిపోతాయి. నేను చూసినంతవరకు వాటిలో అబద్ధమేమీ లేదు. కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రామునే ఓఎస్ అంటాం, దాన్ని మార్చడం నిజంగా అంతే పని. కానీ ఆ కంప్యూటర్ ముందు రోజూ కూర్చునే మనిషి సంగతి ఆ వీడియోల్లో ఉండదు. మా వృత్తిలో పనులు చెడేది అక్కడే.

సర్వీసు పనిలో కొత్తగా చేరినవాళ్ళు కొందరు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. "అంకుల్, కస్టమర్ డేటా పోయింది, ఏం చెప్పాలె?" అని. ప్రతిసారీ సుజ్ఞానమ్మగారి సంగతి మొదలుపెడతాను. సగంలో వాళ్ళకు ఇంకో కాల్ వస్తుంది, పెట్టేస్తారు. మిగతా సగం నా నోట్లోనే ఉండిపోతుంది. ఇలా సగాలు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఒక్కసారి మొత్తం రాసి పెడితే ఇకమీదట "అది చదువుకో నాయనా" అనేసి ఊరుకోవచ్చు. ఈ రాతకు అంతకంటే గొప్ప కారణం లేదు.

నా జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు ఏ సర్టిఫికెట్ ఇచ్చారు అన్నవి ఇందులో ఉండవు. వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

చదువు ఎక్కడిది

నేను మొదట టైప్‌రైటర్ మెకానిక్‌ని. సికింద్రాబాద్‌లో ఏ వీధిలోకి వెళ్ళినా టైపు ఇన్‌స్టిట్యూట్ ఉన్న రోజుల్లో మిషన్లకు నూనె వేసి, వంగిన అక్షరాలు సరిచేసి బతికాను. తర్వాత ఇన్‌స్టిట్యూట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అవే గదుల్లోకి, అవే బెంచీల మీదికి కంప్యూటర్లు వచ్చాయి. గదులకేమీ కాలేదు, నాకే లోపల పని లేకుండా పోయింది.

పదో తరగతి దాటని నాకు కంప్యూటర్ నేర్పింది మారేడ్‌పల్లి వైపున్న ఒక శాఖా గ్రంథాలయం. ఈ మాట ఎక్కడైనా గర్వంగానే చెప్పుకుంటాను. అక్కడ కంప్యూటర్ మరమ్మతు గురించి అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. పక్కన నిఘంటువు పెట్టుకుని, పని అయ్యాక సాయంత్రాలు కూర్చుని చదివేవాణ్ని. ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం పట్టేది. పత్రికల బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన ఒకరు, "ఇంకా అదే పుస్తకమా? పరీక్ష రాస్తున్నవా, పెండ్లి చేసుకుంటున్నవా?" అని ఎగతాళి చేసేవారు. లైబ్రేరియన్ సత్యవతిగారు మాత్రం గడువు దాటినప్పుడల్లా ఏమీ అనకుండా ఆ పుస్తకాన్ని మళ్ళీ నా పేరు మీదే ఇచ్చేవారు.

ఒక వానాకాలం పైకప్పు కారి, గ్రంథాలయంలో కార్డులుండే సొరుగులు తడిసిపోయాయి. ఏ పుస్తకం ఏ అరలో ఉందో చెప్పే కార్డులన్నీ ముద్దయిపోయాయి. వచ్చినవాళ్ళంతా పుస్తకాలు పోయాయన్నట్టే మాట్లాడుతున్నారు. సత్యవతిగారికి విసుగొచ్చింది.

"కార్డులు పోయాయి గానీ పుస్తకాలు ఎక్కడికి పోతాయండీ? అరల్లోనే ఉన్నాయిగా. ఒక్కో అరా వెతికితే దొరుకుతాయి" అన్నారు. వెంటనే అటెండర్ వైపు తిరిగి, "కొత్తగా వచ్చిన కట్టలు విప్పకు. పాతవి ఎక్కడున్నాయో తేలేదాకా ఒక్క కొత్త పుస్తకం అర ఎక్కడానికి వీల్లేదు" అన్నారు.

ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. నా మరమ్మతు పుస్తకంలో అనేక పేజీలు పట్టిన విషయం ఆవిడ అటెండర్‌ను కసురుకుంటూ చెప్పేశారు.

బాగయ్యిందంటే ఏమిటి

కంప్యూటర్ బాగయ్యిందని ఎవరు చెప్పాలి? నా ఉద్యోగం మొదట్లో అది మెకానిక్ చెప్పేదనుకున్నాను.

నేరేడ్‌మెట్‌లో మిలటరీ నుంచి రిటైరైన ఒక సుబేదారుగారు ఉండేవారు. ఆయన పాత కంప్యూటర్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. కొత్త ఓఎస్ వేసి, మెమరీ పెంచి, పరుగెత్తేలా చేసి చూపించాను. ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు పెట్టుకుని తెర మొత్తం కలియజూశారు.

"నా ఆట ఏది?" అన్నారు.

పాత ఓఎస్‌లో పేకముక్కల ఆట ఒకటి ఉండేది. కొత్తదాంట్లో అది లేదు.

"సార్, ఇప్పుడు ఎంత ఫాస్ట్ అయ్యిందో చూడండి" అన్నాను.

"ఫాస్ట్ ఐతే ఏం జేయాలె నేను? ఏడికి పోవాలె దీంట్ల? ఆట తియ్యి ముందు."

ఆ ఆట వెతికి పెట్టేదాకా ఆయన లెక్కలో మిషను చెడిపోయినట్టే. ఆయన తప్పేమీ లేదు. ఆయనకు కంప్యూటర్ అంటే ఆ ఆటే.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో ఒక కమీషన్ వ్యాపారి కంప్యూటర్ విప్పితే, లోపల ఫ్యాను చుట్టూ ఉల్లిపొట్టు దూది కుక్కినట్టు నిండి ఉంది. చెత్త దులిపి తల ఎత్తేసరికి ఆయన షరతు చెప్పాడు: "అన్నీ కొత్తగ జెయ్యి భాయ్. కానీ ఏదీ మారొద్దు." నవ్వొచ్చింది గానీ, తర్వాత ఆలోచిస్తే నా సర్వీసంతా నాకు దొరికిన కస్టమర్లందరూ అడిగింది ఇదే. ఇంత సూటిగా చెప్పింది మాత్రం ఆయన ఒక్కడే.

దసరా మర్నాడు మా పని మరీ ఎక్కువ. ఆయుధ పూజ నాడు ప్రతి దుకాణంలో కంప్యూటర్ పెట్టెకు బొట్లు పెట్టి, బంతిపూల దండ వేస్తారు. పసుపు నీళ్ళు సందుల్లోంచి లోపలికి దిగుతాయి. ఏం అనగలం? గౌరవంతో చేసిన పని. మెత్తని గుడ్డతో తుడిచి, "వచ్చే ఏడు బొట్టు తెరకు పక్కన పెట్టండి, సందుల మీద వద్దు" అని చెప్పి వచ్చేవాళ్ళం. వచ్చే ఏడు మళ్ళీ అక్కడే పెట్టేవాళ్ళు.

యాదగిరన్న

నేను ఎక్కువ కాలం పనిచేసింది యాదగిరన్న దగ్గర. స్టేషన్‌కు కాస్త దూరంలో మెట్లకింద చిన్న సర్వీసు సెంటర్ ఆయనది. నాకంటే కొంచెం పెద్దవాడు. ఆయన గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, చేతులు బంగారం, చెవులు మాత్రం సగమే పనిచేసేవి. మిషను శబ్దం విని జబ్బు చెప్పేవాడు. మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగేవాడు కాదు. "గంటల అయిపోవాలె" అన్నది ఆయన ఊతపదం. ఎంత చికాకులో ఉన్నా కస్టమర్ ముందు మమ్మల్ని ఒక్క మాట అనేవాడు కాదు. ఆ గుణం ఉన్న యజమానుల్ని తర్వాత చాలా తక్కువ చూశాను.

ఓఎస్ మార్చడంలో ఊళ్ళో మెకానిక్‌లందరికీ ఒక పద్ధతి ఉంది. కంప్యూటర్ లోపలి డిస్కును రెండు భాగాలు చేస్తారు. సీ అనే భాగంలో ఓఎస్ ఉంటుంది. డీ అనే భాగం సొంత పనులు దాచుకోవడానికి. కొత్త ఓఎస్ వేసేటప్పుడు సీ తుడిచేస్తాం, డీ జోలికి పోం. "సీ ఫార్మాట్, డీ సేఫ్" అని యాదగిరన్న పాటలాగా అనేవాడు. పద్ధతి మంచిదే. చిక్కేమిటంటే ఇది మెకానిక్‌ల మధ్య ఒప్పందం. కస్టమర్లతో ఎవరూ చెప్పలేదు.

సుజ్ఞానమ్మగారి దుకాణం

మారేడ్‌పల్లిలో ఒక పాత భవనం వరండాలో సుజ్ఞానమ్మగారి టైపు దుకాణం ఉంది. వాళ్ళ నాన్నగారు కోస్తా నుంచి ఇక్కడి క్రైస్తవ మిషన్ బడికి టీచరుగా వచ్చి స్థిరపడ్డారు. ఆవిడ తెలుగు టైప్‌రైటర్ మీద సాధన చేసి, తర్వాత కంప్యూటర్‌కు మారారు. పెళ్ళి కార్డులు, గృహప్రవేశం కార్డులు, ఎవరైనా పోతే వాళ్ళ ఆదరణ కూడిక కార్డులు, ఆదివారం చర్చిలో పంచే కాగితాలు టైపు చేసేవారు. ఆవిడ టైపు చేసిన కార్డులో తప్పు దొరకడం నేను చూడలేదు.

ఆవిడ వాడే తెలుగు సాఫ్ట్‌వేర్ పాతది. దాన్ని అమ్మినవాళ్ళు దుకాణం ఎప్పుడో ఎత్తేశారు. అది నడవాలంటే కంప్యూటర్ వెనకాల, ప్రింటర్ వైరు గుచ్చే చోట, అగ్గిపెట్టెంత తాళం ఒకటి గుచ్చి ఉండాలి. దొంగ కాపీలు చేసుకోకుండా ఆ రోజుల్లో పెట్టిన ఏర్పాటు. వాడుకలో దాన్ని లాక్ అనేవాళ్ళం. అమ్మిన మనిషి వెళ్తూ వెళ్తూ, "ఇది పోతే మీ తెలుగు పోయినట్టేనమ్మా, జాగ్రత్త" అన్నాడట.

ఆవిడ జాగ్రత్త పడ్డారు. ప్రతి సాయంత్రం దుకాణం మూసేముందు ఆ తాళం ఊడదీసి, చేతిరుమాలులో చుట్టి, జిప్పున్న పర్సులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవారు. పొద్దున్నే వచ్చి గుచ్చేవారు. తాళం తీస్తే తెలుగు ఫైలు ఒక్కటీ తెరుచుకోదు. పెడితే అన్నీ వస్తాయి. కాబట్టి తను టైపు చేసిందంతా ఆ తాళంలోనే ఉందని ఆవిడ అనుకున్నారు. కళ్ళతో చూసినదాన్ని బట్టి ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆ కంప్యూటర్‌లో కార్డులతో పాటు ఇంకొకటి ఉంది. వాళ్ళ చర్చి సంఘంలో పెద్దవాళ్ళు తరతరాలుగా పాడుకునే పాటలు కొన్ని, ఏ కీర్తనల పుస్తకంలోనూ అచ్చుకానివి ఉన్నాయి. ఇంటి కూడికల్లో, పొలాల్లో, రైల్వే క్వార్టర్లలో కట్టుకున్న పాటలు. సుజ్ఞానమ్మగారు ఏళ్ళ తరబడి, కస్టమర్లు లేని వేళల్లో, ఒక్కొక్కరినీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి పాడించుకుని టైపు చేశారు. కాగితం మీద రాసుకోలేదు. పాడుతుంటే నేరుగా వేళ్ళు కదిలిపోయేవి. ఆ పాడినవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. సంఘం వార్షికోత్సవానికి ఆ పాటల పుస్తకం వస్తుందని పాస్టరుగారు ప్రకటన కూడా చేసేశారు.

ఆవిడకు కొత్త ఓఎస్ కావలసి వచ్చింది కూడా ఆ పుస్తకం కోసమే. పాత మిషను అచ్చువాళ్ళకు కావలసిన రకంగా ఫైలు పంపలేదు. కొత్త ప్రింటర్‌ను గుర్తుపట్టదు. ఇంటర్నెట్లో ఒక్క పేజీ తెరవదు.

ఆ రోజు

ఆ రోజు నేను బోయిన్‌పల్లిలో ఉన్నాను. సుజ్ఞానమ్మగారి పనికి యాదగిరన్నే వెళ్ళాడు. అక్కడ జరిగిన మాటలు ఇద్దరూ నాకు వేర్వేరుగా చెప్పారు. ఇద్దరూ చెప్పింది ఒకటే.

"అమ్మా, నీ ఫైళ్ళన్నిటికి బ్యాకప్ ఉన్నదా, ఇంకో కాపీ?" అని యాదగిరన్న అడిగాడు.

"ఉందండీ. అంతా నా దగ్గరే ఉంది. రోజూ సాయంత్రం ఇంటికి తీసుకెళ్తాను" అని ఆవిడ పర్సు తట్టి చూపించారు.

పర్సులో పెన్‌డ్రైవ్ ఉందనుకున్నాడు యాదగిరన్న. జిప్పు తెరవమనలేదు. సీ ఫార్మాట్ చేశాడు. డీ ముట్టుకోలేదు, అందులో ప్రసంగాల ఆడియోలు తప్ప ఏమీ లేవు. గంటలో కొత్త ఓఎస్ తళతళలాడుతూ వచ్చింది. టీ తాగి వచ్చేశాడు.

సాయంత్రం సర్వీసు సెంటర్‌కు ఫోన్ వస్తే నేనే ఎత్తాను.

"అన్నయ్యా, లాక్ పెట్టాను. తెలుగు రావట్లేదు. ఫైళ్ళు కూడా కనబడట్లేదు" అన్నారు సుజ్ఞానమ్మగారు.

"ఫైళ్ళు ఎక్కడ దాచారమ్మా? డీలోనా?"

"డీ ఏమిటండీ? తెర మీదే ఉండేవి. అన్నీ లాక్‌లో ఉన్నాయిగా."

నాకు వెంటనే గుర్తొచ్చింది తడిసిన కార్డుల సొరుగే.

"అమ్మా, ఇప్పుడే ప్లగ్గు పీకేయండి. ఎవరు చెప్పినా మళ్ళీ ఆన్ చేయకండి. నేను పొద్దున్నే వస్తాను."

ఫోన్ పెట్టేసి చూస్తే యాదగిరన్న నా మొహమే చూస్తున్నాడు.

"బ్యాకప్ ఉన్నదని ఆమెనే చెప్పింది దామోదర్. నేను అడగలేదా?" అన్నాడు.

"అడిగినవన్నా. చూడలేదు."

ఇంకెవరైనా అయితే నన్ను తిట్టేవాడు. ఆయన స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, "పరేషాన్ జేసిన కదా ఆమెను" అని మాత్రం అన్నాడు.

ఇల్లు, తాళం

మర్నాడు వెళ్ళేసరికి సుజ్ఞానమ్మగారు తాళాన్ని చేతిరుమాలు మీద పెట్టుకుని కూర్చున్నారు. "ఇందులోంచి తీసి దాంట్లో పెట్టండి" అని నా చేతికిచ్చారు. ఆ పని మేం చేయగలమని ఆవిడ నమ్మకం.

మా వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే. రోగం చెప్పే డాక్టరుకు తెల్లకోటూ గదీ ఉంటాయి. మనకు ఒక స్టూలు ఉంటుంది.

"అమ్మా, ఇందులో ఏమీ లేదు. ఎప్పుడూ లేదు" అన్నాను.

"మరి ఇన్నేళ్ళూ నేను మోసిందేమిటండీ?"

"ఇంటి తాళం. ఇల్లు ఇక్కడుంది" అని కంప్యూటర్ పెట్టె చూపించాను.

ఆవిడ నా వెనక నిలబడ్డ యాదగిరన్నను చూశారు. "ఇంటినేగా మీ సారు కడిగి ముగ్గేసి వెళ్ళారు" అన్నారు. గొంతు పెంచలేదు. యాదగిరన్న వరండా గోడ వైపు తిరిగాడు.

సత్యవతిగారి గ్రంథాలయం కథ చెప్పాను. ఫార్మాట్ చేస్తే పోయేది కార్డులేనని, పుస్తకాలు చాలావరకు అరల్లోనే ఉంటాయని, అయితే కొత్త ఓఎస్ అనే కట్ట కొన్ని అరల మీదికి ఎక్కేసిందని, దాని కింద పడ్డవి మాత్రం దొరకవని చెప్పాను.

"నా పాటలు ఏ అరలో ఉన్నాయి?"

"చూస్తే గానీ తెలియదమ్మా."

"సరే, చూడండి. దొరుకుతాయని చెప్పకండి. చూసి చెప్పండి."

అన్నిటికంటే పాత ఓఎస్

డిస్కు విప్పి తెచ్చి, సర్వీసు సెంటర్లో ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, పోయిన ఫైళ్ళు వెతికే ప్రోగ్రాము పెట్టాం. దానిమీద కొత్తగా ఏదీ రాయకుండా చదవడం మాత్రమే. నెమ్మదిగా ఫైళ్ళు రావడం మొదలైంది. పేర్లు లేవు, వరస నంబర్లే. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ, గీతలూ, చుక్కలూ కలిసిన గజిబిజి. అది పాత పద్ధతిలో రాసిన తెలుగు. ఆ పాత సాఫ్ట్‌వేర్‌లో చూస్తేనే తెలుగుగా కనబడుతుంది. దానికి పాత ఓఎస్ కావాలి. పాత ఓఎస్‌కు సరిపడే పాత మిషను కావాలి, వెనక ఆ తాళం గుచ్చే వెడల్పాటి పోర్టుతో సహా. సుజ్ఞానమ్మగారి కంప్యూటర్‌నే వాడదామంటే, యాదగిరన్న దాన్ని తాకడానికి ఒప్పుకోలేదు. "ఇగ దాని జోలికి నేను పోను" అన్నాడు.

అటక ఎక్కాడు. మోకాళ్ళ నొప్పులతో మెట్లే ఎక్కలేని మనిషి, నిచ్చెన వేసుకుని, పాత కంప్యూటర్ బోర్డులన్నీ దులిపి, ఒకటి పట్టుకుని దిగాడు. తలంతా తెల్లగా దుమ్ము. దానికి మెమరీ కుదిర్చి, ఒక చిన్న డిస్కు తగిలించి, మేమిద్దరం కూర్చుని పాత ఓఎస్ ఎక్కించాం. సర్వీసంతా పాతవి తీసి కొత్తవి వేసినవాళ్ళం. ఇద్దరం కలిసి వేసిన ఆఖరి ఓఎస్ మాత్రం అన్నిటికంటే పాతది. సాఫ్ట్‌వేర్ సీడీ సుజ్ఞానమ్మగారు కుట్టు మిషను సొరుగులో పదిలంగా దాచారు. తాళం గుచ్చగానే తెలుగు వచ్చింది.

ఆవిడ దుకాణం మూసుకుని మా సర్వీసు సెంటర్‌కు వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచి, చదివి, పేరు పెట్టాలి. అది ఆవిడ తప్ప ఎవరూ చేయలేరు.

"పాట వచ్చిందా అమ్మా?" అని యాదగిరన్న అడుగుతాడు.

"పెళ్ళి కార్డండీ. ఈ పిల్లకిప్పుడు ఇద్దరు పిల్లలు."

కాసేపయ్యాక మళ్ళీ, "పాటనా?"

"ఆదరణ కూడిక. మీరు అడగడం ఆపితే వస్తుందేమో."

ఇలా రోజులు గడిచాయి. కార్డులు, కార్డుల్లో సగాలు, తెగిపోయిన వాక్యాలు. ఆవిడ పొద్దున్నే రావడం, కళ్ళు నలుపుకోవడం, సాయంత్రం తాళం ఊడదీసి పర్సులో పెట్టుకుని వెళ్ళడం. అలవాటు పోలేదు.

ఒక మధ్యాహ్నం నేను ఇంకో మిషను విప్పుతుంటే వెనక నుంచి సన్నగా కూనిరాగం వినిపించింది. సుజ్ఞానమ్మగారు తెర మీద ఏదో చదువుతూ, ఒకచోట ఆగి, దీర్ఘం సరిచేసి, మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు. యాదగిరన్న చేతిలో టీ గ్లాసుతో అక్కడే కింద కూర్చుండిపోయాడు.

"అదేనా?"

"అదేనండీ."

టీ చల్లారిపోయింది.

దొరకనివి

పాటలు చాలావరకు దొరికాయి. కొన్ని దొరకలేదు. కొత్త ఓఎస్ వాటి మీదే కూర్చుంది.

"మీరే టైపు చేశారు కదమ్మా, గుర్తులేవా?" అని అడిగాను. టైప్‌రైటర్ల మధ్య బతికినవాణ్ని, అడగకుండా ఉండవలసింది.

"టైపిస్టుకు ఏం గుర్తుంటుంది అన్నయ్యా? చెవిలోంచి వేళ్ళలోకి పోతుంది. మధ్యలో ఆగితే తప్పులొస్తాయి."

ఆదివారం చర్చిలో ఆవిడే లేచి ఉన్నమాట చెప్పారు. పాటలు కొన్ని పోయాయి, తెలిసినవాళ్ళు వచ్చి పాడమని. పోయింది ఎవరివల్లనో మాత్రం చెప్పలేదట. యాదగిరన్న తర్వాత ఆ సంగతి విని, ఆ వారమంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

జనం వచ్చారు. ఒకరికి పల్లవి గుర్తుంటే ఇంకొకరికి రెండో చరణం. కరుణమ్మగారని ఒక పెద్దావిడ, దానమ్మగారని ఇంకొకావిడ, వదినా మరదళ్ళు, ఒక చరణం దగ్గర దుకాణం ముందే తగువు పడ్డారు.

"మీ అన్నయ్య అలా పాడలేదు" అంటారు ఒకరు.

"ఆయన ఎలా పాడినా తప్పే పాడేవారు, ఇంట్లో మాకు తెలీదా?" అంటారు ఇంకొకరు.

సుజ్ఞానమ్మగారు రెండు రకాలూ టైపు చేసి, కింద ఇద్దరి పేర్లూ వేశారు.

ఈ టైపంతా కొత్త ఓఎస్ మీదే. తన పాత కంప్యూటర్‌కే కొత్త డిస్కు వేయించి పెట్టుకున్నారు. దాంట్లో తెలుగు అక్షరాల అమరిక వేరు. ఇన్నేళ్ళ వేళ్ళు ఒకచోటికి పోతే అక్షరం ఇంకోచోట ఉంటుంది. "ఈ వయసులో బడికి పంపావు అన్నయ్యా" అని నన్ను సాధించేవారు. రోజూ ఒక గంట పక్కన కూర్చున్నాను. నాకు చేతనైంది అంతే. దొరికిన పాత పాటల్ని కొత్త పద్ధతిలోకి మార్చే ప్రోగ్రాము ఒత్తులన్నీ తారుమారు చేసింది. వాటిని ఆవిడే మళ్ళీ దిద్దారు.

పుస్తకం వచ్చింది, వార్షికోత్సవానికి కాదు, ఆ తర్వాత. ఒక పాట మాత్రం ఎవరికీ తెలియలేదు. దేవసహాయంగారని ఒక రైల్వే గార్డు కట్టిన పాట. ఆయన లేరు, ఆయన దగ్గర విన్నవాళ్ళూ లేరు. పుస్తకంలో ఆ పేజీ తీసేద్దామని పాస్టరుగారు అంటే సుజ్ఞానమ్మగారు ఒప్పుకోలేదు. ఆ పేజీలో పైన పాట పేరు, కట్టినవారి పేరు ఉన్నాయి. కింద ఖాళీ.

నా వృత్తి గురించి ఎవరైనా అడిగితే ఆ పేజీ చూపిస్తాను.

కొత్తవాళ్ళకు

"బ్యాకప్ ఉందా?" అని అడగకండి. ఉందనే చెబుతారు. అందరికీ ఏదో ఒకటి ఉండనే ఉంటుంది, పర్సులోనో, బీరువాలోనో, నమ్మకంలోనో. "తెరిచి చూపించండి" అనండి. చూపించలేకపోతే పని మొదలుపెట్టకండి. యజమాని గంటలో అయిపోవాలంటాడు. అననివ్వండి. పాత డిస్కు విప్పి పక్కన పెట్టి, కొత్తది వేయండి. పాతదాన్ని కొన్నాళ్ళు ముట్టుకోకండి. మిషను మరీ ముసలిదైతే కొత్త ఓఎస్ వద్దని చెప్పే ధైర్యం తెచ్చుకోండి. పని ముగిశాక మీరు లేచి, కస్టమర్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, రోజూ చేసే పని ఒకటి చేయమనండి. వాళ్ళు చేస్తుంటే చూడండి. ఇదంతా తెలిసి కూడా, సాయంత్రమయ్యేసరికి అలసిపోయి ఏదో ఒకటి వదిలేస్తారు. నేనూ వదిలేశాను. దేన్ని వదిలేశారో తెలిసి వదిలేయండి, అంతవరకే నేను చెప్పగలిగేది.

ఈమధ్య సుజ్ఞానమ్మగారి దుకాణానికి వెళ్ళాను. మూసే వేళ. కంప్యూటర్ ఆపి, సొరుగులోంచి ఆ పాత తాళం తీసి, రుమాలులో చుట్టి పర్సులో వేసుకున్నారు. అది ఇప్పుడు దేనికీ గుచ్చేది కాదు.

"దాంట్లో ఏమీ లేదని తెలిసింది కదమ్మా" అన్నాను.

"అప్పుడూ లేదుగా అన్నయ్యా. అయినా ఇన్నేళ్ళూ నన్ను నిద్రపోనిచ్చింది ఇదే" అన్నారు.

కృతజ్ఞతలు

అట్ట లేని పుస్తకాన్ని గడువు చూడకుండా ఇచ్చిన సత్యవతిగారికి. నన్ను ఎగతాళి చేస్తూనే, కుర్చీ ఖాళీ లేనప్పుడు తన కుర్చీ ఇచ్చిన పత్రికల బల్ల పెద్దాయన నర్సయ్యగారికి. అటక ఎక్కి, ఆ తర్వాత కొన్నాళ్ళు మోకాళ్ళు పట్టుకుని నడిచి, ఎన్నడూ ఆ మాట ఎత్తని యాదగిరన్నకు. ఆయన ఇప్పుడు లేడు, సర్వీసు సెంటర్ ఉన్నచోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. పాడినందుకూ, తగువు పడినందుకూ కరుణమ్మగారికి, దానమ్మగారికి. పాట మిగలకపోయినా పేరు మిగిలిన దేవసహాయంగారికి.

చివరగా సుజ్ఞానమ్మగారికి. నేను చేత్తో రాసిన ఈ కాగితాలను టైపు చేసింది ఆవిడే. తన గురించి రాసినచోట్ల ఒక్క మాట మార్చలేదు, నా అక్షరదోషాలు మాత్రం దిద్దారు. ఫైలు రెండు చోట్ల దాచానన్నారు.

నేను తెరిచి చూశాను.